స్పెయిన్‌లో అంకెలు, వేళలు, గడువులు: తరచూ అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో స్పెయిన్ వెళ్ళిన మన పిల్లలు కొద్ది రోజుల్లోనే ఒకటి నుంచి వంద దాకా స్పానిష్‌లో లెక్కపెట్టడం నేర్చేసుకుంటారు. కొట్లో ధర అర్థమవుతుంది, బస్సు నంబరు అర్థమవుతుంది. ఇంటి అద్దె ఒప్పందం, జీతం స్లిప్పు, ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే అంకెలకు వేరే నియమాలుంటాయి. ‘పది రోజులు’ అన్నప్పుడు ఏ రోజు నుంచి లెక్క, అందులో శనివారం కలుస్తుందా లేదా అన్నదాని మీదే ఒక హక్కు మిగలడమో చేజారడమో ఆధారపడి ఉంటుంది. భాషా తరగతిలో ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే భాష నియమాలను, చట్టం నియమాలను ఇక్కడ కలిపి చెబుతున్నాను. ఇవన్నీ స్పెయిన్‌కు సంబంధించినవి. లాటిన్ అమెరికాలో తేడా ఉన్న చోట ఆ మాట అక్కడే చెప్పాను.

గడియారం చూసి టైము చెప్పడం ఎలా?

తెలుగువాళ్ళకు ఇది తేలిక. మనం ఏడుంపావు, ఏడున్నర, పావుతక్కువ ఎనిమిది అంటాం. వాళ్ళూ అదే లెక్కలో ‘సియెతె ఇ క్వార్తో’, ‘సియెతె ఇ మేదియా’, ‘ఓచో మేనోస్ క్వార్తో’ అంటారు. గంటను ముందు చెప్పి, పావు తక్కువన్న మాటను తర్వాత చెబుతారు, అంతే తేడా. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘ఉన్ క్వార్తో పారా లాస్ ఓచో’, అంటే ఎనిమిదికి ఇంకా పావుగంట ఉందని చెబుతారు. ఒంటిగంట ఒక్కదానికే ఏకవచనం: ‘ఎస్ లా ఉనా’. రెండు నుంచి అన్నీ బహువచనం: ‘సోన్ లాస్ దోస్’, ‘సోన్ లాస్ త్రెస్’.

రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రి చీటీల మీద, కార్యాలయాల్లో 24 గంటల లెక్క నడుస్తుంది. చీటీ మీద 16:15 అని ఉన్నా, మాటల్లో ‘లాస్ క్వాత్రో ఇ క్వార్తో’ అనే వింటారు.

‘తార్దె’ అంటే సాయంత్రమా, మధ్యాహ్నమా?

రెండూ. భోజనం వేళ నుంచి చీకటి పడేదాకా ‘తార్దె’యే. స్పెయిన్‌లో రాత్రి ఎనిమిదిని కూడా ‘ఓచో దె లా తార్దె’ అంటారు. ‘మెదియోదియా’ అంటే పన్నెండు గంటలే అయినా, వాడుకలో ఒంటిగంట, రెండు దాకా సాగుతుంది. ఎవరైనా ‘మధ్యాహ్నం రండి’ అంటే గంట ఎంతో అడిగి తెలుసుకోండి.

అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లవారేదాకా ‘మద్రుగాదా’. 12వ తేదీ ‘ఉనా దె లా మద్రుగాదా’కు విమానం ఉంటే 11వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 24:00 అని రాస్తే ముగుస్తున్న రోజు, 0:00 అని రాస్తే మొదలవుతున్న రోజు. ఒప్పందంలో ‘ఫలానా రోజు రాత్రి పన్నెండు’ అని మాత్రమే ఉంటే ఏ రోజు రాత్రో తేలదు. 23:59 అని రాయించుకోవడం మేలు.

ఇంకో సంగతి, కనరీ దీవుల్లో టైము ఒక గంట వెనక ఉంటుంది. స్పెయిన్ రేడియోలో టైము చెప్పిన ప్రతిసారీ ‘కనరీల్లో ఒక గంట తక్కువ’ అని కలుపుతారు. ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ కార్యాలయపు వెబ్‌సైటు మీద కనిపించే అధికారిక సమయం. మాద్రిద్ కార్యాలయానికి చివరి రోజున దరఖాస్తు పంపేవాళ్ళకు కనరీల్లో రాత్రి పదకొండుకే గడువు అయిపోతుంది.

తేదీ రాసే క్రమం ఏమిటి? నెల పేరు ఎలా రాయాలి?

మన క్రమమే. రోజు, నెల, సంవత్సరం. 05/06/2025 అంటే జూన్ 5. అమెరికా కాగితాలకు అలవాటుపడినవాళ్ళే ఇక్కడ తికమకపడతారు. నెలల పేర్లు, వారాల పేర్లు చిన్న అక్షరంతో మొదలవుతాయి. సంవత్సరం అంకెల మధ్య చుక్క పెట్టకూడదు. ఒకటో తేదీని స్పెయిన్‌లో ఎక్కువగా ‘ఉనో దె ఎనేరో’ అంటారు, లాటిన్ అమెరికాలో ‘ప్రిమేరో దె ఎనేరో’ అంటారు. రెండూ సరైనవే.

ఇంగ్లిషులో లాగా సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసి చదవరు. 1992ను ‘మిల్ నొవెసియెంతోస్ నొవెంతా ఇ దోస్’ అని పూర్తి సంఖ్యగా చదువుతారు, మనం వెయ్యిన్నీ తొమ్మిది వందల తొంభై రెండు అన్నట్టే.

జీతం కాగితంలో 1.184 అని ఉంది. ఇది ఒక యూరో చిల్లరా?

కాదు, వెయ్యిన్నూట ఎనభై నాలుగు యూరోలు. స్పెయిన్‌లో వేలను విడదీయడానికి చుక్క పెట్టడం వాడుక. దశాంశానికి కామా పెడతారు. మనం పెట్టేదానికి ఇది సరిగ్గా తలకిందులు. భాషా అకాడమీలు వేల దగ్గర చుక్కకు బదులు చిన్న ఖాళీ వదలమంటాయి. నాలుగంకెల సంఖ్యకు అదీ అక్కర్లేదంటాయి. దశాంశానికి చుక్క, కామా రెండూ ఒప్పే అంటూనే, 2010లో చుక్కవైపు మొగ్గు చూపాయి. బ్యాంకులు, యజమానులు మాత్రం పాత అలవాటు వదల్లేదు. మెక్సికోలో, మధ్య అమెరికాలో దశాంశానికి చుక్కే. అర్జెంటీనా, చిలీ, కొలంబియాల్లో కామా. ఏ దేశపు కాగితమో చూడకుండా అంకె చదవొద్దు.

పై సంఖ్యను ఊరికే ఎంచుకోలేదు. 2025లో స్పెయిన్ కనీస వేతనం నెలకు 1.184 యూరోలు, అదీ ‘కతోర్సె పాగాస్’, అంటే 14 జీతాల లెక్కన. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి రెండు అదనపు జీతాలు ఇవ్వాలి. కాబట్టి మొత్తం 16.576 యూరోలు. ఆ రెండు అదనపు జీతాలను పన్నెండు నెలలకూ పంచి ఇస్తే నెలకు 1.381,33 అవుతుంది. ఇది వెయ్యిన్నీ మూడు వందల ఎనభై ఒక్క యూరోలు, ముప్ఫై మూడు సెంట్లు. చుక్క, కామా ఒకే సంఖ్యలో కనిపించే ఇలాంటి చోటే మనవాళ్ళు తడబడతారు. ఉద్యోగం ఒప్పుకునే ముందు ‘ఎన్ని పాగాస్?’ అని అడగండి. నెల జీతం అంకె ఒకటే అయినా, పన్నెండుతో హెచ్చించాలా పద్నాలుగుతోనా అన్నదాన్ని బట్టి ఏడాది మొత్తం మారిపోతుంది.

‘బియోన్’ అంటే బిలియనేనా?

కానే కాదు. పది లక్షలు ‘ఉన్ మియోన్’. కోటి ‘దియెస్ మియోనెస్’. ఇంగ్లిషు బిలియన్, అంటే వంద కోట్లు, స్పానిష్‌లో ‘మిల్ మియోనెస్’, వెయ్యి మిలియన్లు. ‘ఉన్ బియోన్’ అంటే మిలియన్ మిలియన్లు, మన లెక్కలో లక్ష కోట్లు. 2023లో స్పెయిన్ ఆర్థికోత్పత్తి దాదాపు ఒకటిన్నర బియోన్ యూరోలని పత్రికలు రాస్తే, అది లక్షన్నర కోట్ల యూరోలు. వంద కోట్లకు ఒక్క మాట ఉంటే బాగుంటుందని వెనెజువెలా అధ్యక్షుడు రఫయేల్ కాల్దేరా ప్రతిపాదించగా, రాయల్ స్పానిష్ అకాడమీ 1995లో ‘మియార్దో’ను ఆమోదించింది. కానీ జనం ఇప్పటికీ ‘మిల్ మియోనెస్’ అనే అంటారు. అమెరికాలోని స్పానిష్ వాడుకలో మాత్రం ఇంగ్లిషు ప్రభావంతో బియోన్‌ను వంద కోట్లకు వాడటం ఉంది. అక్కడి వార్త చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఒప్పందంలో అంకె ఒకటి, అక్షరాల్లో ఇంకొకటి ఉంటే ఏది చెల్లుతుంది?

చెక్కు విషయంలో చట్టం సూటిగా చెబుతోంది. స్పెయిన్‌లో 1985లో వచ్చిన హుండీలు, చెక్కుల చట్టం 109వ అధికరణం ప్రకారం, అంకెల్లో రాసినదానికీ అక్షరాల్లో రాసినదానికీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. అక్షరాల్లోనే రెండుసార్లు రాసి ఆ రెండూ కలవకపోతే తక్కువ మొత్తం చెల్లుతుంది. నోటరీ పత్రాల్లో అక్షరాల పట్టింపు ఇంకా పాతది. 1862 నాటి నోటరీ చట్టం తేదీలనూ మొత్తాలనూ అంకెల్లో రాయడాన్నే నిషేధించింది. ఇప్పటికీ ఇల్లు కొన్న దస్తావేజు తీస్తే తేదీ అక్షరాల్లో కనిపిస్తుంది. అందుకే సంఖ్యను స్పానిష్ అక్షరాల్లో చదవడం వచ్చి తీరాలి.

మనవాళ్ళు ఎక్కువగా జారే చోట్లు చెబుతాను. ‘ఇ’ అన్నది పదులకూ ఒకట్లకూ మధ్యే వస్తుంది, వందల తర్వాత రాదు: 135 ‘సియెంతో త్రెయింతా ఇ సింకో’. వంద ఒంటరిగా ఉంటే ‘సియెన్’, వెనక చిన్న సంఖ్య వస్తే ‘సియెంతో’. వెయ్యికి ముందు ఒకటి చేర్చరు, ఒట్టి ‘మిల్’. మిలియన్‌కు మాత్రం ‘ఉన్’ కావాలి, తర్వాత వస్తువు పేరుకు ముందు ‘దె’ కూడా కావాలి: ‘ఉన్ మియోన్ దె యూరోస్’. 500, 700, 900 లెక్కకు లొంగవు: ‘కినియెంతోస్’, ‘సెతెసియెంతోస్’, ‘నొవెసియెంతోస్’. పదహారు నుంచి ఇరవై తొమ్మిది దాకా ఒకే మాటగా కలిపి రాస్తారు.

లింగం కూడా మారుతుంది. యూరో పుంలింగం కాబట్టి ‘దొస్సియెంతోస్ యూరోస్’. గంట స్త్రీలింగం, అందుకని రెండు వందల గంటలు ‘దొస్సియెంతాస్ ఓరాస్’. ఇద్దరు మనుషులు, రెండు పుస్తకాలు అని వేరుచేసి చెప్పే భాష మనది. ఎంచే వస్తువును బట్టి సంఖ్య మారడం మనకు కొత్త కాదు.

‘పది రోజుల్లో జవాబివ్వండి’ అన్నారు. శని, ఆదివారాలు కలుస్తాయా?

ఈ వ్యాసంలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

స్పెయిన్‌లో రోజులు రెండు రకాలు. ‘దియాస్ ఆబిలెస్’ అంటే పనిదినాలు, ‘దియాస్ నతురాలెస్’ అంటే క్యాలెండరులోని అన్ని రోజులూ. ప్రభుత్వ కార్యాలయాల వ్యవహారాలకు 39/2015 చట్టం వర్తిస్తుంది. దాని 30వ అధికరణం ప్రకారం, కాగితంలో ఏ రకమో చెప్పకుండా ఊరికే ‘రోజులు’ అంటే అవి పనిదినాలే. శని, ఆది, పండుగ సెలవులు లెక్కలో రావు. కాగితం చేతికి అందిన మర్నాటి నుంచి లెక్క మొదలు. క్యాలెండర్ రోజులు లెక్కించాలంటే ఆ మాట కాగితంలోనే రాయాలి.

ఉదాహరణకు శుక్రవారం నోటీసు అందింది, పది రోజుల గడువు. పనిదినాలైతే, మధ్యలో పండుగ లేకపోతే, సోమవారం మొదలై తర్వాతి వారం శుక్రవారంతో ముగుస్తుంది. క్యాలెండర్ రోజులైతే శనివారమే మొదలై, ఆ ముగింపు శుక్రవారానికి ముందున్న సోమవారానికే అయిపోతుంది. నాలుగు రోజుల తేడా. స్పెయిన్‌లో ఏడాదికి పద్నాలుగు దాకా సెలవులుంటాయి, అందులో రెండు ఆ ఊరికే పరిమితం. మీ ఊళ్ళో సెలవై కార్యాలయం ఉన్న ఊళ్ళో పనిదినమైనా, అటుదిటైనా, ఆ రోజు సెలవుగానే లెక్క. ఇది మీకు మేలు చేసే నియమం, వాడుకోండి.

ప్రైవేటు వ్యవహారాలకు నియమం వేరు. పౌర స్మృతి 5వ అధికరణం సెలవు రోజులను తీసివేయదు. అద్దె ఒప్పందంలో, అమ్మకం ఒప్పందంలో ఊరికే ‘రోజులు’ అంటే ఆదివారాలూ కలుస్తాయి. ఒకే మాటకు కార్యాలయంలో ఒక లెక్క, ఇంటి యజమాని దగ్గర ఇంకో లెక్క.

కార్యాలయాల్లోనే ఉన్న రెండు మినహాయింపులు మనవాళ్ళకు ఎక్కువ నష్టం తెస్తున్నాయి. ఎలక్ట్రానిక్ నోటీసు మీ ఖాతాలోకి వచ్చాక పది క్యాలెండర్ రోజుల్లో తెరవకపోతే, మీరు దాన్ని తిరస్కరించినట్టే చట్టం భావిస్తుంది, వ్యవహారం ముందుకు సాగిపోతుంది. తెరవకపోతే నోటీసు అందనట్టే అనుకోవద్దు. రెండోది ట్రాఫిక్ జరిమానా. ఇరవై క్యాలెండర్ రోజుల్లో కడితే సగం తగ్గుతుంది. అలా తగ్గింపుతో కడితే ఆ జరిమానా మీద అభ్యంతరం చెప్పే అవకాశం వదులుకున్నట్టు.

గడువు నెలల్లో ఉంటే?

తేదీ నుంచి తేదీకి. కార్యాలయం నిర్ణయం మార్చి 10న అందితే, నెల గడువు ఏప్రిల్ 10తో ముగుస్తుంది, 11తో కాదు. జనవరి 31న అందితే ఫిబ్రవరిలో ఆ తేదీ లేదు కాబట్టి ఆ నెల చివరి రోజే చివరి రోజు. ఆ చివరి రోజు సెలవైతే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. నిర్ణయం మీద పై అధికారికి చేసుకునే అప్పీలు ‘రెకుర్సో దె అల్సాదా’కూ, అదే అధికారిని మళ్ళీ చూడమనే ‘రెపొసిసియోన్’కూ గడువు ఒక నెల. ఏ అప్పీలు, ఎవరికి, ఎన్నాళ్ళలో అన్నది నోటీసులోనే రాసి ఉండాలి. అది మీ హక్కు. ఆఖరి పేరాలో ఉంటుంది, ముందు అదే చదవండి.

ఆరు నెలలకు మించి ఉండటానికి వీసాతో వచ్చినవాళ్ళు దేశంలో అడుగుపెట్టిన నెలలోగా విదేశీయుల కార్డుకు దరఖాస్తు పెట్టాలి. అపాయింట్‌మెంటు ఆలస్యంగా దొరకడం తరచూ జరిగేదే కాబట్టి వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.

ఉద్యోగంలో గుర్తుంచుకోవలసిన సంఖ్యలు?

ఏడాదికి కనీసం 30 రోజుల జీతంతో కూడిన సెలవు. ఇవి క్యాలెండర్ రోజులు. 30 పనిదినాలని పొరబడి యజమానితో వాదించవద్దు. పని సగటున వారానికి 40 గంటలకు మించకూడదు, ఒక రోజు పని ముగిసి మర్నాడు మొదలయ్యేలోగా 12 గంటల విరామం ఉండాలి, ఓవర్‌టైము ఏడాదికి 80 గంటలు దాటకూడదు. 2019 మే నుంచి ప్రతి ఉద్యోగి రోజూ పని మొదలుపెట్టిన, ముగించిన వేళలను సంస్థ నమోదు చేసి నాలుగేళ్ళు దాచాలి. ఆ రికార్డు చూపించమని అడిగే హక్కు మీకుంది.

ఉద్యోగం నుంచి తీసేస్తే కోర్టుకు వెళ్ళడానికి గడువు 20 పనిదినాలు. ఇది పొడిగించని గడువు, దాటితే హక్కు పోతుంది. రాజీ కోసం అర్జీ పెడితే ఆ లెక్క అక్కడికి ఆగుతుంది. ఆగస్టులో కోర్టులకు సెలవులైనా తొలగింపు కేసులకు ఆగస్టు రోజులు లెక్కలోకి వస్తాయి. తొలగింపు కాగితం మీద సంతకం పెట్టమంటే ‘నో కొన్ఫోర్మె’, అంటే ఒప్పుకోవడం లేదని రాసి, పక్కనే ఆ రోజు తేదీ మీ చేత్తోనే వేయండి.

అద్దె ఇంటికి?

నివాసానికి తీసుకున్న ఇంటికి చట్టపరమైన అడ్వాన్సు ఒక నెల అద్దె. ఆరు నెలలు గడిచాక, 30 రోజుల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు. తాళాలు తిరిగిచ్చిన నెలలోగా యజమాని అడ్వాన్సులో మిగిలింది ఇవ్వకపోతే ఆ మొత్తానికి వడ్డీ మొదలవుతుంది. తాళాలిచ్చిన తేదీ రాసిన కాగితం తీసుకోకపోతే ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ తేల్చలేరు.

బజారులో వాడే కొలతలు?

‘క్వార్తో’ పావుకిలో, ‘మేదియో కిలో’ అరకిలో. ‘క్వార్తో ఇ మితాద్’ అంటే పావు, అందులో సగం. కలిపి 375 గ్రాములు. మన పావు, అరపావు లెక్కే. ‘ఉనో సింక్వెంతా’ అంటే ఒకటిన్నర యూరో. ‘కిన్సె దియాస్’, పదిహేను రోజులంటే రెండు వారాలు. ‘ఓచో దియాస్’, ఎనిమిది రోజులంటే మాటల్లో ఒక వారం. ఈ లెక్కలు కబుర్లకే. ఒప్పందంలో పదిహేనంటే పదిహేనే.

కొట్లో చూపే ధరలో పన్ను కలిసే ఉండాలి. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను చేతికందిన 14 క్యాలెండర్ రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వవచ్చు.

ఫోనులో సంఖ్యలు సరిగా వినపడవు. ఏం చేయాలి?

అరవై ‘సెసెంతా’, డెబ్బై ‘సెతెంతా’. ఒక్క అక్షరం తేడా. రెండు ‘దోస్’, పన్నెండు ‘దోసె’. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో ‘దోసె’ చివరి ‘సె’ను నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు కాబట్టి అలవాటైతే తేడా తెలుస్తుంది. తొమ్మిదంకెల ఫోను నంబరును రెండేసి, మూడేసి కలిపి చదవడం వాళ్ళ అలవాటు. ‘సిఫ్రా పోర్ సిఫ్రా’, ఒక్కో అంకె చెప్పమంటే ఎవరూ ఏమీ అనుకోరు. చేతిరాతలో ఒకటికి పొడవాటి తోక, ఏడుకు నడుమ అడ్డగీత ఉంటాయి. మన ఒట్టి ఏడును వాళ్ళు ఒకటిగా చదివే ప్రమాదముంది. ఫారాల్లో అడ్డగీత పెట్టండి.

పోలీసులు అదుపులోకి తీసుకున్న పరిస్థితిలో అయితే తేదీలూ వేళలూ ఊహించి చెప్పవద్దు. మీకర్థమయ్యే భాషలో దుబాసీని ఉచితంగా అడిగే హక్కు ఉంది. ‘స్పానిష్ కొంచెం వచ్చు’ అని దాన్ని వదులుకోవద్దు.

కార్యాలయం ఇచ్చిన పత్రంలో పుట్టిన తేదీ తప్పు పడింది. గడువు దాటితే దిద్దరా?

దిద్దుతారు. రాతలో, లెక్కలో దొర్లిన తప్పులను ఎప్పుడైనా సరిచేయవచ్చని 39/2015 చట్టం 109వ అధికరణం చెబుతోంది. మీరే అడగవచ్చు. అప్పీలు గడువు దీనికి అడ్డురాదు. విదేశీయుల గుర్తింపు నంబరులో ఒక అక్షరం, ఏడంకెలు, చివర మరో అక్షరం ఉంటాయి. చివరి అక్షరం ముందున్నవాటి నుంచి లెక్కగట్టి వచ్చేది కాబట్టి, అంకె తప్పు పడితే సాధారణంగా కంప్యూటరు పట్టుకుంటుంది. పుట్టిన తేదీకి అలాంటి కాపలా లేదు. కార్డు చేతికిచ్చినప్పుడే, కిటికీ దగ్గర నిలబడి ఉండగానే, ప్రతి అంకెనూ పాస్‌పోర్టుతో పోల్చి చూసుకోండి.